వస్త్రం సమర్పయామి

తామరపువ్వును పీఠంగా చేసుకొని, తామరతూడు దారంతో దేవతలకు బట్ట నేసిన వంశాన్ని తన పుట్టినిల్లుగా ఎంచుకొన్న పద్మాలయకు ముందుగా నమస్కారం. చెప్పబోయే మాటలో పోగు తెగకుండా, పడుగూ పేకా చెదరకుండా ఆ తల్లియే చూచుకొనుగాక. ఆమె కట్టుకొన్న బట్టను గురించే ఈ కథ గనుక ఇందులోని తప్పొప్పుల భారం కూడా ఆమెదే.

నాచారంలో పాత మిల్లు ప్రహరీ వెంట సాగే గల్లీలో, బుచ్చిరాములుగారి ఇంట ఆ రోజు కూడా ఎప్పటిలాగే తెల్లవారింది. కొత్త రాష్ట్రం ఏర్పడిన తరువాత వచ్చిన మొదటి శ్రావణమాసం అది. కోడలు పద్మశ్రీ వాకిట ముగ్గు వేసి వచ్చి, కుట్టుమిషను ముందు కూర్చొని ఎవరిదో జాకెట్టుకు చేతులు అతుకుతున్నది. కొడుకు సురేష్ మల్లాపూర్ కంపెనీలో రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చి గాఢనిద్రలో ఉన్నాడు. భార్య రాములమ్మ చింతపండు నానబెడుతూ, నీళ్లు ఇంకా రాలేదని నల్లాను తిడుతున్నది.

బుచ్చిరాములుగారు స్నానం ముగించి పూజకు కూర్చున్నారు. యౌవనంలో సొంత మగ్గం మీద చిటికి పని చేసిన మనిషి ఆయన. నేయకముందే నూలుకు ముడులు కట్టి, రంగుల్లో ముంచి, ఆ రంగులు బట్ట మీద పువ్వులై కలిసేటట్లు పోగులను అమర్చడమే చిటికి. మగ్గం అన్నం పెట్టడం మానేశాక ఊరు విడిచి వచ్చి, ఈ మిల్లులోనే పదవీ విరమణ దాకా పనిచేశారు. బడిలో చదివింది స్వల్పమే. అయినా గుడిలో పురాణం చెప్పే పెద్దల పాదాల వద్ద కూర్చొని పద్యమూ శ్లోకమూ పట్టుదలగా నేర్చారు. ఇప్పుడు ప్రతి శుక్రవారం కులస్థుల మార్కండేయ గుడిలో పురాణం చెప్పేది ఆయనే.

ఆవాహనం, ఆసనం, పాద్యం, అర్ఘ్యం, స్నానం వరుసగా సాగాయి. తరువాత ఆయన చేయి తనంతట తానే రాగిగిన్నెలోకి వెళ్లి, నాలుగు అక్షతలు తీసి పటం ముందు ఉంచింది.

“వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి.”

బట్టకు మారుగా బియ్యపు గింజలు. రోజూ కొత్తబట్ట పెట్టలేని భక్తుడికి శాస్త్రం ఇచ్చిన వెసులుబాటు అది. ఆ మాట అలవాటుగా పలకడమే గాని, దాని అర్థం మీదికి ఆయన మనసు వెళ్లి చాలాకాలమైంది.

ఆ పటం సామాన్యమైనది కాదు. బుచ్చిరాములుగారి తండ్రి పోశయ్య, నేతగాడై ఉండి కూడా కుంచె పట్టి, గుడ్డ మీద సుద్దపూత పూసి, జిగురు కలిపిన రంగులతో చిత్రించిన పద్మాలయ. ఆ తల్లిని తమ కులపు ఆడబిడ్డగా భావించే నేతవాళ్లంతా నూలు పున్నమినాడు ఆ పటం వెనుక నడిచి గుడికి పోతారు. ఆ రోజు జంధ్యాలు మార్చుకొంటారు. పటాన్ని తలపై మోసే గౌరవం పోశయ్య కొడుకుది. ఊళ్లోనూ అంతే, నాచారానికి వచ్చాకా అంతే. అయితే దీపపు మసి, పసుపు కుంకుమల మరకలు, నిరుడు స్లాబు కారి దిగిన నీటిచార కలిసి తల్లి ముఖాన్ని దాదాపుగా కప్పేశాయి. గుడిలో దాని ప్రతి ఒకటి ఉండాలని సంఘం వారు కోరారు.

ఆ పనికి ముందుకు వచ్చింది సురేష్ కూతురు సంతోషి. ఆమె ఇంజనీరింగు సీటు కాదనుకొని, రామంతాపూర్‌లోని ఒక కాలేజీలో ఫ్యాషన్ డిజైనింగు చదివింది. ఆ చదువులో చేరినప్పుడు తాత చాలా రోజులు ఆమెతో ముభావంగా ఉన్నారు. ఇప్పుడు ఆమె ఇంటి నుంచే బట్టల దుకాణాలకు కంప్యూటర్ మీద డిజైన్లు వేసి ఇస్తున్నది.

“పటాన్ని ముట్టకుండనే బాగుచేస్త తాతా. ఫొటోలు తీసి, మరకలన్ని కంప్యూటర్ల తీసేస్త” అని ఆమె అడిగినప్పుడు ఆయన ఒకే షరతు పెట్టారు.

“మా నాయిన గీసిన దాంట్ల ఒక్క గీటు మారద్దు.”

“మారదు తాతా.”

ఆ మాట ఇచ్చిన నాటి నుంచి ఆమె పటాన్ని ముక్కలు ముక్కలుగా కెమెరాతో తీసి, ఆ ముక్కలన్నీ కంప్యూటర్లో అతికి, మరక వెనుక మరకగా తొలగిస్తూ వచ్చింది. ఆ ఉదయం పూజ ముగిసేసరికి ఆమె వచ్చి తాత చేయి పట్టుకొన్నది.

“కండ్లద్దాలు పెట్టుకొని రా తాతా.”

తెర మీద పద్మాలయ వెలుగుతున్నది. కనుకొలకుల్లోని సన్నని ఎరుపు, ముక్కెరలోని చిన్న తెల్లచుక్క, ఎర్రచీరకు గోపురాల వరుసలా సాగే గుడి అంచు, కింది పెదవి చివర నిలిచీ నిలవనట్టున్న చిరునవ్వు, అన్నీ కనబడుతున్నాయి. చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కూర్చొని చూచిన ముఖం అది. బుచ్చిరాములుగారు కుర్చీ వెతుక్కొని మెల్లగా కూలబడ్డారు.

“ఓ రాములమ్మా, జర ఇటు రా. మా నాయిన చెయ్యి సూడు. కుంచె ఎట్ల తిప్పిండో సూడు.”

రాములమ్మ చింతపండు చేతులతోనే వచ్చి నిలబడింది. “పెండ్లయి గీ ఇంట్లకొచ్చిన కాన్నుంచి మొక్కుతున్న, ఈమె నవ్వుతదని నాకు గిప్పుడు ఎరుకైంది” అన్నది.

“నువ్వు చదివిన చదువు చిన్నది కాదు బిడ్డా” అన్నారాయన, మనుమరాలి తల నిమిరి. అంత మాట ఆయన నోట ఆమె ఎన్నడూ వినలేదు.

“ఇంకొకటి కూడా చూపిద్దామనుకున్న తాతా. ఆ చీర కింది భాగంల…”

“ఇయ్యాలకు ఇది చాలు. కండ్లు నిండినయి. ఇంకేం పట్టదు” అని ఆయన కండువాతో కళ్లొత్తుకొంటూ లేచిపోయారు. సంతోషి నవ్వి కంప్యూటరు మూసింది. చెప్పవలసిన మాట అప్పటికి ఆగిపోయింది.

ఆ పూటే ఆమె ఫైళ్లను పెన్‌డ్రైవులోకి ఎక్కించి తండ్రి చేతికిచ్చింది. అతడు డ్యూటీకి పోయేముందు దానిని ఉప్పల్ చౌరస్తాలో దయాకర్‌కు అందించాలి. దయాకర్ బుచ్చిరాములుగారి చెల్లెలి కొడుకు. ఫ్లెక్సీల దుకాణం అతనిదే, సంఘం కార్యదర్శీ అతడే. సాయంత్రం అతని దగ్గరనుంచి ఫోను వచ్చేసరికి సంతోషి పని మీద రామంతాపూర్ వెళ్లి ఉన్నది. బుచ్చిరాములుగారే ఎత్తారు.

“మామా, పెన్‌డ్రైవుల రెండున్నయి. ఒకటి ‘పటం పాత’ అని, ఒకటి ‘పటం కొత్త’ అని. ఏది కొట్టాలె?”

“గది కూడ అడుగుతవా అల్లుడా. పాతది మసిబారిపోయింది గద. కొత్తదే కొట్టు. మా పిల్ల దానికోసమే రెక్కలు ముక్కలు చేసుకున్నది.”

“కొత్తదేనా? ఖాయమేనా మామా?”

“ఖాయమే. పెద్దగ కొట్టు. నలుగురు సూడాలె.”

“నువ్వే అంటున్నవ్ గనుక కొడుతున్న మామా” అని దయాకర్ కొంత ఆగి ఫోను పెట్టేశాడు. ఆ ఆగడంలో ఏముందో బుచ్చిరాములుగారు ఆలోచించలేదు.

మరునాడు శుక్రవారం. ఉతికిన ధోవతి కట్టి, కండువా మడత చెదరకుండా వేసుకొని, పురాణానికని బయలుదేరిన బుచ్చిరాములుగారి నడకలో ఆ వయసుకు తగని చురుకుదనం ఉన్నది. మలుపు తిరగగానే గుడి కమాను ముందు గుంపు కనిపించింది. ఇద్దరు పడుచువాళ్లు సెల్‌ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీసుకొంటున్నారు. పూలమ్మే శాంతాబాయి ఆయనను చూచి మురిసిపోతూ ఎదురొచ్చింది.

“పెద్దాయనా, అమ్మవారు మస్తుగున్నది. మా బిడ్డ అసొంటి కోటే కావాల్నని పొద్దటిసంది నా పానం తింటున్నది.”

“కోటా?” అంటూ ఆయన తలెత్తారు.

కమాను అంత ఎత్తు ఫ్లెక్సీ. అదే తామర, అదే చూపు, అదే చిరునవ్వు, అదే అభయహస్తం. కాని చీర లేదు. మెడ దాకా మూసి, మోకాళ్ల కిందికి విశాలంగా జారే నేరేడుపండు రంగు కోటు. దాని నిండా చిటికి గళ్లు. దాని కింద పాదాలు కప్పే తెల్లని కుచ్చుల పావడా. కిరీటం ఉండవలసిన చోట ఎత్తుగా చుట్టిన జుట్టుముడి, అందులో ఒకే ఒక తామరమొగ్గ. చెవులకు వెండి లోలకులు. కాలేజీ మెట్లు దిగివచ్చే ఆడపిల్లలా, అయినా ఎదుటివాళ్ల తల తనంతట తానే వంగేటట్టు, పద్మాలయ కూర్చొని ఉన్నది.

సంఘంలో ఆయన ఈడు పెద్దమనిషి ఒకాయన పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. “బుచ్చిరాములూ, ఇది మీ నాయిన గీసిందేనా?”

అది వెటకారమో సందేహమో తెలియదు. బుచ్చిరాములుగారు అక్కడినుంచే వెనుదిరిగారు. ఆ శుక్రవారం గుడిలో పురాణం జరుగలేదు.

ఇంట్లోకి వస్తూనే ఆయన కండువా తీసి కొక్కేనికి తగిలించారు. దాని మడత విప్పలేదు.

“సంతోషీ.”

ఆ పిలుపులో ‘బిడ్డా’ లేకపోవడం వంటింట్లోని రాములమ్మకు కూడా తెలిసింది. సంతోషి వచ్చి నిలబడింది. అప్పటికే ఎవరో ఆ ఫొటో పంపగా ఆమె చూచి ఉన్నది.

“తాతా, అది గుడికోసం చేసింది కాదు. నాకోసం చేసుకున్న. పెన్‌డ్రైవుల ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయిన.”

“ఒక్క గీటు మారదని మాటిచ్చినవ్.”

“పాత పటంల మార్చలే తాతా. నిన్న నువ్వు చూసింది ‘పటం పాత’ల అట్లనే ఉన్నది. ఇది వేరే.”

“వేరేనా? ఆ కండ్లు మా నాయిన గీసినయి కావా? ఆ నవ్వు మా నాయినది కాదా? దుకాణంల బొమ్మకు తొడిగినట్టు తల్లికి కోటు తొడుగుతవా? రేపు ఇంకొకడొచ్చి ఇంకేం తొడుగుతడు?”

పద్మశ్రీ కుట్టుమిషను ఆపి లేచింది. “పిల్ల తెలిసి చెయ్యలే మామా. ఊకోండ్రి. దయాకరన్న అయినా ఒక్కమాట అడగాలె గద.”

అప్పుడే చెప్పులు విడిచి లోపలికి వస్తున్న దయాకర్‌కు ఆ మాట తగిలింది. “అడుగలేదా చెల్లే? రెండుమార్లు అడిగిన. కొత్తదే కొట్టు, పెద్దగ కొట్టు, నలుగురు సూడాలె అన్నది ఎవరు? మా మామనే. ఫైలు తెరిచి నేనే బీరిపోయిన. మామ గింత ముందటికి పోయిండా, మనమే ఎనుకబడ్డమా అనుకున్న.”

బుచ్చిరాములుగారికి తన నోటితో తానన్న మాట జ్ఞప్తికి వచ్చింది. దానితో కోపం తగ్గలేదు. నిలవడానికి చోటు చాలక ఇంకా బిగిసింది.

“నేనన్న కొత్తది వేరు. ఆ పిల్ల రాసిన కొత్తది వేరు. అల్లుడా, ఆ ఫ్లెక్సీ దించెయ్యి. పున్నమికి ఈ యేడు పటం గుడికి పోదు. నేను మొయ్య. మా నాయిన గీసిందేనా అని పదిమంది ముందల అడిగించుకున్నంక, ఏ మొఖం పెట్టుకొని మొయ్యాలె?”

రాములమ్మ చేతిలోని గరిటె కింద పెట్టింది. పోశయ్య పోయిన ఏడు కూడా పటం ఆగలేదు. ఏడేళ్ల కొడుకును మేనమామ ఎత్తుకొంటే, ఆ కొడుకు నెత్తిన పటం మోసి కదలిందని అత్తగారు చెప్పగా ఆమె ఎన్నోసార్లు విన్నది.

సంతోషి ఏడుస్తుందని అందరూ అనుకొన్నారు. ఆమె ఏడవలేదు. లోపలికి వెళ్లి కంప్యూటరు ముందు నిలబడి పిలిచింది.

“తాతా, తిట్టు. పడుత. కాని నిన్న చెప్పనియ్యక లేచిపోయినవ్. ఇయ్యాల చెప్పనియ్యి. చీర పాదాల కాడ రంగు పెచ్చు లేచింది చూడు. దాన్ని పెద్దగ చేసిన.”

“ఆ మిషన్ల ఏమన్న చూపియ్యచ్చు. కోటునే చూపిచ్చినవ్ గద.”

“అయితే మిషన్ వద్దు. పటాన్నే చూడు. నీ అద్దంతోని నువ్వే చూడు.”

ఆ మాట ఆయనకు నచ్చింది. మిల్లు విడిచినా, పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దాన్ని ఆయన విడువలేదు. పటాన్ని మేకు నుంచి దించి, వాకిట్లోని ఎండకు తెచ్చి, తెల్లదుప్పటి పరచి దానిపై ఉంచారు. వంగి, అద్దాన్ని కంటికి ఆనించి, సంతోషి వేలు చూపిన చోట చూచారు.

రంగు పెచ్చు లేచిన గోరంత అంచు. పైన ఎరుపు. ఎరుపు కింద నీలం. నీలం కింద ఆకుపచ్చ. దాని కింద పసుపు. మడతపెట్టి ఒకదానిపై ఒకటి పేర్చిన బట్టల అంచుల్లా పొరలు కనబడుతున్నాయి. ఒంటి రంగులో పొరలు లేవు. తామరరేకులో లేవు. చీరలోనే ఉన్నాయి.

“ఎవరో ఈమెకు చీరలు మారుస్తనే వచ్చిన్రు తాతా” అన్నది సంతోషి, పక్కన మోకాళ్లపై కూర్చొని. “ఒక్కొక్క పొరకు ఒక్కొక్క అంచు. నీలం దాంట్ల చిలకలున్నయి. ఆకుపచ్చ దాంట్ల చిటికి గళ్లున్నయి. అది చూసినంకనే నాకు ఆ కోటు తోచింది. కొత్త చీరె కట్టే మనిషి ఇప్పుడుంటే ఏం కడుతుండె అని.”

“చిలకలా?” అన్నారాయన, అద్దం దించకుండానే. “యాడ?”

“ఇగో, ఇక్కడ ముక్కు కనబడుతున్నది.”

నీలం మీద పసుపు చిలక ముక్కు. నూలులో ముడి కొద్దిగా జారినప్పుడు ఏర్పడే ఆ వంకరతో సహా, మగ్గం మీద ఎలా వస్తుందో అలాగే కుంచెతో దించి ఉన్నది.

“ఈ చిలక నాకెరికే. మా అక్క పెండ్లికి అమ్మ కట్టాలెనని మా నాయిన నేసిన చీర ఇది. అమ్మ కట్టి కట్టి పాతగైనంక బొంత కుట్టింది. ఆ బొంత కప్పుకొనే నేను పెరిగిన.”

ఆయన అద్దం పక్కన పెట్టి, దుప్పటి అంచున కూర్చున్నారు. ఎండ పటం మీదనుంచి ఆయన మోకాళ్ల మీదికి జరిగింది. ఎక్కడో అడుగున పడి ఉన్న ఒక మాట అప్పుడు పైకి తేలింది.

“నూలు పున్నమికి ముందురోజు మా నాయిన మగ్గమింట్ల తలుపేసుకొని కూసుంటుండె. జిగురు వాసన బయటికొస్తుండె. నేను తలుపు కొడితే, ‘అమ్మ చీర మార్చుకుంటున్నది, తలుపు తెరవకు కొడకా’ అంటుండె. అమ్మ వంటింట్లనే ఉన్నది గద, లోపలున్న అమ్మ ఎవరు అని నాకు సమజయ్యేది కాదు. అడుగుదామనుకునే లోపల నాయిన పోయిండు. ఇన్నేండ్లకు…”

పోశయ్య ఏటేటా తన మగ్గం మీదినుంచి దిగిన సరికొత్త చీరను, ముందుగా కులపు ఆడబిడ్డకు కుంచెతో కట్టించేవాడు. ఆ పైనున్న ఎర్రచీర ఆయన కట్టించిన ఆఖరుది. అది ఆనాటి సరికొత్త చీర. దానినే సనాతనమని నమ్మి కొడుకు ఇన్నాళ్లు కాపాడుకొంటూ వచ్చాడు.

రాములమ్మ కొంగుతో కళ్లు తుడుచుకొంటూనే మగనిని వదలలేదు. “అంటే నేను గీ ఇంటికి రాకముందు నుంచి ఆమె ఒక్క చీర మీదనే ఉన్నదా? నాకు పండుగకో చీర తెస్తివి. ఇంటి ఆడబిడ్డకు బియ్యం గింజలు వేస్తివి. అది కూడ నేతోళ్ల ఇంట్ల.”

దయాకర్ నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకొన్నాడు. ఒకింత ఆలస్యంగా బుచ్చిరాములుగారు కూడా నవ్వారు. కన్నీళ్లతో కలిసిన నవ్వు అది. ఆయన మనుమరాలి చేయి తీసుకొని తన కళ్లకు అద్దుకొన్నారు.

“నా చేతిని మొక్కుతవేంది తాతా, తప్పు” అని ఆమె లాక్కోబోయింది.

“నీ చేతిని కాదు బిడ్డా. మా నాయిన చెయ్యి మళ్ల నీ దగ్గరికొచ్చింది.”

అప్పటికి గాని ఆమెకు ఏడుపు రాలేదు.

కొంతసేపటికి ఆయనే గొంతు సవరించుకొని, మిల్లులో మేస్త్రీలా లేచి నిలబడ్డారు. “సరే. ఆ కోటు ఫొటో మళ్ల చూపియ్యి. గుడికాడ కోపంల సరిగ చూడలేదు.”

చూచారు. భూతద్దం తెరకు కూడా ఆనించి చూచారు. “ఇగో, ఇక్కడ తప్పు చేసినవ్. చిటికి గడి అంచులు గింత గీసినట్టు ఉండయి. రంగు జర పక్కకు పాకాలె. ఈకలెక్క. గట్ల ఉంటేనే అది నేసింది, లేకుంటే అచ్చేసింది. భుజం కాడ గడి, చేతి మీది గడి కలవాలె.”

“కలుపుత తాతా.”

“ఇంకొకటి. అల్లుడా, ప్లాస్టిక్ మీద అమ్మవారేంది? బట్ట నేసే కులపోళ్లం, ఆమెను ఫ్లెక్సీ మీద కూసోబెడుతమా? నూలు గుడ్డ మీద కొట్టియ్యి.”

“మా మిషన్ల గుడ్డ రాదు మామా. మల్లాపూర్‌ల ఒక యూనిట్‌ల కొడుతరు. పొద్దుగాల ఇస్తే సాయంత్రానికి ఇస్తరు.”

“అయితే ఇంకేం ఫికర్” అన్నారాయన. ఇందాక కొక్కేనికి తగిలించిన కండువా మళ్లీ భుజం మీదికి వచ్చింది.

పున్నమి ముందురోజు మధ్యాహ్నం దయాకర్ ఫైలు కోసం వచ్చేసరికి, సంతోషి గది తలుపు దగ్గరగా వేసి ఉన్నది. దాని ముందు కుర్చీ వేసుకొని బుచ్చిరాములుగారు జపమాల తిప్పుతున్నారు. దయాకర్ తలుపు మీద చెయ్యి వేయబోయాడు.

“ఆగు అల్లుడా. తలుపు తెరవకు.”

“టైమైతున్నది మామా. యూనిట్ వాడు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నడు.”

“చెయ్యనియ్యి. అమ్మ చీర మార్చుకుంటున్నది.”

దయాకర్ చెయ్యి వెనుకకు తీసుకొన్నాడు. చెప్పులు విడిచి, మామ పక్కన గడప మీద బుద్ధిగా కూర్చున్నాడు. లోపలినుంచి మీటల టకటక మాత్రం వినిపిస్తున్నది. అది బుచ్చిరాములుగారి చెవికి మగ్గం చప్పుడులా సోకింది.

పున్నమినాడు డప్పులతో ఊరేగింపు కదిలింది. తండ్రి గీసిన పాత పటం ఎప్పటిలా బుచ్చిరాములుగారి తల మీద ఉన్నది. దాని వెనుక నూలుగుడ్డ మీద అచ్చయిన కొత్త పద్మాలయను రెండు చేతులా ఎత్తి పట్టుకొని సంతోషి నడిచింది. ఆమె ఒంటి మీద అదే చిటికి కోటు. రాత్రి డ్యూటీ మానుకొన్న సురేష్ ముందు నడిచి దారి చేశాడు. ఆ కోటును అంతకుముందే కుట్టి సిద్ధంచేసిన పద్మశ్రీ, పక్కనే నడుస్తూ మాటిమాటికి దాని అంచు సవరించింది. శాంతాబాయి డబ్బులు తీసుకోకుండా రెండు పటాలకూ దండలు వేసింది.

గుడి కమాను వద్ద మొన్నటి పెద్దమనిషే నిలబడి ఉన్నాడు. ఈసారి ఆయన అడుగకముందే బుచ్చిరాములుగారు ఆగి, పదిమందికి వినబడేటట్లు చెప్పారు.

“గీసింది మా నాయిన. బట్ట పెట్టింది నా మనుమరాలు.”

పెద్దమనిషి రెండు పటాలనూ మార్చి మార్చి చూచి, చేతులు జోడించాడు.

లోపల పూజ మొదలైంది. ఆవాహనం, ఆసనం, పాద్యం, అర్ఘ్యం, స్నానం. అలవాటు చొప్పున బుచ్చిరాములుగారి చేయి అక్షతల గిన్నె వైపు వెళ్లింది. వెళ్లి, గిన్నె అంచు మీద ఆగిపోయింది. ఆయన సంతోషి వైపు చూచి తల ఊపారు. ఆమె ముందుకు వచ్చి, నూలుగుడ్డ పటాన్ని పాత పటం పాదాల వద్ద పరచింది.

“వస్త్రయుగ్మం సమర్పయామి” అన్నారాయన, ప్రతి అక్షరమూ విడివిడిగా.

పక్కనే కూర్చొన్న రాములమ్మ మోచేత పొడిచి, చెవిలో అన్నది. “రోజు ఇంటున్న గద, ఏదో మాట ఇడిచిపెట్టినవ్.”

“ఇడిచిపెట్టలే. ఆ మాట ఇయ్యాల అక్కెరలేదు.”

పద్మాలయ కట్టిన కొత్తబట్ట కథను చెప్పినవారికీ, చెప్పించినవారికీ, చెవులారా విన్నవారికీ ఆ తల్లి కట్టబట్టకు, తిన తిండికి లోటు రానీయకుండుగాక. పెద్దల చేతిలోని విద్య పిల్లల చేతికి పోగు తెగకుండా అందుగాక. ప్రతి ఇంటి ఆడబిడ్డకూ ఏటేటా కొత్త చీర అమరుగాక. శుభమస్తు.